తలనొప్పి, ముక్కు ఆపరేషన్, మనం అడగని ప్రశ్న

తలనొప్పికి తాయెత్తు కట్టేవాణ్ణి మనం నిలదీస్తాం. "కట్టాక తగ్గింది కదా" అని భక్తులంటే, కట్టకపోతే తగ్గేది కాదని ఎలా తెలుసు అని అడుగుతాం. మంచిదే. అదే తలనొప్పికి ముక్కు లోపల ఆపరేషన్ చేయాలని ఒక పెద్ద ఆస్పత్రిలో చెబితే ఆ ప్రశ్న మన నోట రాదు. అక్కడ తెల్లకోటు వుంది, సి.టి. స్కాన్ ఫిల్ము వుంది, టీవీ తెర మీద మన ముక్కు లోపలి బొమ్మ ఎర్రగా కనబడుతూ వుంది. ఇదంతా సైన్సు లాగా వుంటుంది. సైన్సు లాగా వుండడం వేరు, సైన్సు కావడం వేరు.

నేను డాక్టరును కాను. ఆపరేషన్లకు వ్యతిరేకిని అంతకన్నా కాను. ముక్కులో ఆపరేషన్ వల్ల ప్రాణాలు నిలబడిన సందర్భాలున్నాయి, వాటి గురించి కింద రాస్తాను. నేను చెప్పదలచింది ఒక్కటే. ముక్కు దూలం వంకరగా వుందనో, లోపల కండ పెరిగిందనో, కేవలం తలనొప్పి కోసం చేసే ఆపరేషన్ వెనుక వున్న రుజువు, దాన్ని చేయించుకునేవారు అనుకుంటున్నంత గట్టిది కాదు. రుజువు అడిగే అలవాటు వున్న మనం ఈ విషయంలో మాత్రం అడగకుండా వూరుకోవడం న్యాయం కాదు.

మన ఇళ్లలో "సైనస్" అనేది ఒక జబ్బు పేరు అయిపోయింది. నిజానికి సైనస్ అంటే ముఖం ఎముకల్లో వుండే గాలి గది. అది అందరికీ వుంటుంది. కానీ "మా అమ్మాయికి సైనస్ వుంది" అంటే అందరికీ అర్థమవుతుంది, నుదుటి దగ్గర, కళ్ల కింద నొప్పి అని. ఆ నొప్పికి మొదట విక్సు రాస్తారు, ఆవిరి పడతారు, మెడికల్ షాపులో బిళ్లలు కొంటారు. కొన్నేళ్లకు ముక్కు డాక్టరు దగ్గరకు వెళతారు. ఆయన స్కాన్ తీయిస్తారు. స్కాన్‌లో ఏదో ఒకటి కనబడుతుంది. "ఇదిగో, దూలం ఇటు వంగింది, పక్క గోడను తాకుతోంది, అందుకే నొప్పి" అంటారు. ఏళ్ల తరబడి బాధపడిన మనిషికి ఆ మాట ఎంత ఊరటో చెప్పలేం. కారణం కంటికి కనబడింది! తీసేస్తే పోతుంది!

ఆ డాక్టరు మోసగాడని నేను అనడం లేదు. చాలామంది నిజాయితీగానే నమ్ముతారు. ఆ నమ్మకానికి ఒక చరిత్ర, ఒక సిద్ధాంతం వున్నాయి. మొదట సిద్ధాంతం చూద్దాం. ముక్కు లోపల మధ్యలో దూలం, రెండు పక్కలా టర్బినేట్లు అనే కండతో కప్పిన ఎముక మడతలు వుంటాయి. దూలం మీద ముల్లులాంటి ఎముక పెరిగి పక్కనున్న టర్బినేట్‌ను ఒత్తితే, ఆ స్పర్శ బిందువు దగ్గర నరం రేగి, నొప్పి నుదుటికో కంటికో పాకుతుందని ఈ సిద్ధాంతం. ముఖానికీ, ముక్కు లోపలికీ, కంటికీ స్పర్శ తెలిపేది ఒకే నరం, ట్రైజెమినల్. కాబట్టి ఒకచోట రేగితే మరోచోట నొప్పి అనిపించవచ్చు. అమెరికాలో హరాల్డ్ వోల్ఫ్ బృందం 1940లలో వలంటీర్ల ముక్కు లోపల వేర్వేరు చోట్ల ప్రేరేపించి, నొప్పి ముఖంలో ఎక్కడెక్కడ తెలుస్తుందో రాసిపెట్టింది. 1980లలో ముక్కులో ఎండోస్కోపు వాడకం విస్తరించింది. అంతకుముందు కనబడని సందులన్నీ కనబడసాగాయి. ఆస్ట్రియాలో స్టామ్‌బర్గర్ వంటి సర్జన్లు ఈ స్పర్శ బిందువులను తలనొప్పికి కారణంగా 1988లో వివరంగా రాశారు.

సిద్ధాంతంగా ఇది బాగానే వుంది. కానీ నమ్మదగినట్లు వుండడం ఒక మెట్టు మాత్రమే. దాన్ని పరీక్షకు పెట్టాలి. పరీక్ష ఎలా? చాలా సులభం. ముఖం నొప్పి వున్నవారి ముక్కులూ, నొప్పి లేనివారి ముక్కులూ రెండూ చూడాలి. నొప్పి వున్నవారినే చూస్తే ఏం లాభం? గుడికి వచ్చినవారిని మాత్రమే లెక్కపెట్టి దేవుడు అందరినీ రప్పించుకుంటాడు అన్నట్లు వుంటుంది.

ఇంగ్లండులో ఆబూ బక్రా, జోన్స్ అనే ఇద్దరు ఈ పని చేసి 2001లో ప్రచురించారు. వరుసగా వచ్చిన 973 మంది రోగుల ముక్కులు పరిశీలించారు. స్పర్శ బిందువులు నొప్పి వున్నవారిలో 4 శాతం మందికి వున్నాయి. నొప్పి లేనివారిలోనూ అదే 4 శాతం. ఇంకా విచిత్రం, ఒక పక్కే నొప్పి వుండి, స్పర్శ బిందువు కూడా వున్నవారిలో సగం మందికి ఆ బిందువు నొప్పి లేని పక్క వుంది! అంటే బొమ్మ బొరుసు వేసినట్లు. ఆ ఇద్దరే ఆరోగ్యవంతుల ముక్కు పొరలను ప్రేరేపించే ప్రయోగం కూడా చేశారు. నొప్పి ముఖానికి పాకలేదు. వోల్ఫ్ ఫలితం తిరిగి రాలేదు.

స్కాన్ సంగతీ ఇంతే. తలకు వేరే కారణాలతో సి.టి. తీయించుకున్నవారి సైనస్‌లను పరిశీలించిన ఒక అధ్యయనం 1988లో వచ్చింది. అందులో నూటికి 42 మందికి పైగా ఏదో ఒక తేడా కనబడింది. వాళ్లు ముక్కు బాధతో వచ్చినవారు కారు. కాబట్టి తలనొప్పితో వచ్చిన మనిషి స్కాన్‌లో ఏదో కనబడడంలో ఆశ్చర్యం లేదు. కనబడినది నొప్పికి కారణమని చెప్పాలంటే అదొక్కటే చాలదు. జ్యోతిష్కుడు ఎవరి జాతకం చూసినా ఏదో ఒక దోషం దొరుకుతుంది. దోషం దొరకని జాతకం వుండదు కాబట్టే జ్యోతిష్కుడికి పని వుంటుంది.

మరి ఈ "సైనస్ తలనొప్పి" అసలు ఏమిటి? అమెరికాలో 2004లో ష్రైబర్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, తమకు సైనస్ తలనొప్పి అని తామే అనుకున్నవారినీ, డాక్టర్లు అలా చెప్పినవారినీ 2991 మందిని పరిశీలించారు. వారిలో 88 శాతం మందికి వున్నది మైగ్రేన్ తరహా తలనొప్పి. అంటే మన వాళ్లు పార్శ్వపు నొప్పి అనేది. "ఒకే పక్క వస్తేనే పార్శ్వపు నొప్పి, నాకు రెండు పక్కలా వస్తుంది కాబట్టి అది కాదు" అని చాలామంది అంటారు. పేరు చూసి మోసపోవద్దు. మైగ్రేన్ రెండు పక్కలా రావచ్చు, బుగ్గల్లో రావచ్చు, కళ్ల వెనుక రావచ్చు. ముక్కు దిబ్బడ, ముక్కు కారడం, కళ్ల నీళ్లు కూడా వస్తాయి. ఎందుకంటే ట్రైజెమినల్ నరం రేగినప్పుడు మెదడు కాండంలోని మరో దారి గుండా ముక్కు, కన్నీటి గ్రంథులకు సంకేతం వెళుతుంది. ముక్కు వల్ల తల నొప్పి అని మనం అనుకుంటాం. తలనొప్పి వల్లే ముక్కు దిబ్బడ వేసి వుండవచ్చు. బండి ఎద్దును లాగుతోందని అనుకున్నట్లు.

ఇది అమెరికా వాళ్ల జబ్బు అనుకోనక్కరలేదు. పక్క రాష్ట్రం కర్ణాటకలో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే 2015లో అచ్చయింది. ఒక ఏడాది కాలంలో పెద్దవాళ్లలో 25 శాతం మందికి, అంటే నలుగురిలో ఒకరికి, మైగ్రేన్ వుందని అందులో తేలింది. దూలం కాస్తో కూస్తో వంకర లేని ముక్కులు అరుదు. నలుగురిలో ఒకరికి వుండే జబ్బు, చాలామందికి వుండే వంకర, ఈ రెండూ ఒకే మనిషిలో కలవడానికి కార్యకారణ సంబంధం అక్కరలేదు. దీన్నే మన పెద్దలు కాకతాళీయం అన్నారు. కాకి వాలింది, తాటిపండు పడింది.

ఇప్పుడు అసలు వాదానికి వద్దాం. "ఇదంతా ఎందుకు, మా బావగారికి ఆపరేషన్ చేశాక తగ్గింది" అంటారు. తగ్గి వుండవచ్చు. నేను కాదనను. మైగ్రేన్ ఎప్పుడూ ఒకేలా వుండదు. కొన్ని నెలలు విజృంభిస్తుంది, కొన్ని నెలలు తగ్గుతుంది. మనిషి ఆపరేషన్‌కు ఎప్పుడు ఒప్పుకుంటాడు? నొప్పి భరించలేనంతగా వున్నప్పుడు. అక్కడి నుంచి ఏం చేసినా, ఏమీ చేయకపోయినా, కొంత తగ్గే అవకాశమే ఎక్కువ. తిరుపతి మొక్కు కూడా ఆ సమయంలోనే మొక్కుతారు.

దానికి తోడు ఆపరేషన్‌కే ఒక బలం వుంది. 1950లలో గుండె నొప్పికి ఛాతీ లోపలి ఒక రక్తనాళాన్ని ముడివేసే ఆపరేషన్ చేసేవారు. రోగులు తగ్గిందనేవారు, డాక్టర్లు సంతోషించేవారు. 1959లో లెనార్డ్ కాబ్ బృందం 17 మందిని తీసుకుని, కొందరికి నిజంగా ముడివేసి, కొందరికి ఛాతీ మీద చర్మం మాత్రం కోసి కుట్టేసింది. ఎవరికి ఏది చేశారో రోగులకు తెలియదు. రెండు జట్లలోనూ "తగ్గింది" అన్నవారు వున్నారు, తేడా లేదు. ఆ ఆపరేషన్ అంతటితో కనుమరుగైంది. 2002లో మోస్లీ బృందం కీళ్లు అరిగిన 180 మంది మోకాళ్లతో ఇదే చేసింది. లోపల కడిగి శుభ్రం చేసిన మోకాలుకూ, పైపైన కోసి కుట్టిన మోకాలుకూ ఫలితంలో తేడా రాలేదు.

తలనొప్పి విషయంలోనూ ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోల్చిన ప్రయోగం ఒకటి వుంది. అమెరికాలో ప్లాస్టిక్ సర్జన్ గుయురాన్ 2009లో ప్రచురించారు. మైగ్రేన్ వున్న 75 మందిలో 49 మందికి నుదురు, కణత, మెడ వెనుక భాగాల్లో నిజమైన ఆపరేషన్, 26 మందికి ఉత్తుత్తి ఆపరేషన్. ఏడాది తరువాత చూస్తే నిజమైన ఆపరేషన్ జట్టులో 41 మందికి నొప్పి సగానికి పైగా తగ్గింది. ఉత్తుత్తి జట్టులో? 26 మందిలో 15 మందికి! పూర్తిగా పోయినవారు నిజమైన జట్టులో 28 మంది, ఉత్తుత్తి జట్టులో ఒక్కరే. ఈ తేడాను దాచిపెట్టడం నిజాయితీ కాదు, అందుకే రాస్తున్నాను. అది సర్జన్ల వైపు బలమైన అంకె. అయితే ఆ ప్రయోగంలో ముక్కు లోపలి ఆపరేషన్ లేదని గమనించాలి. నేను పదే పదే ఆలోచించేది మాత్రం ఆ 15 మంది గురించి. కోత పెట్టి, అసలు పని చేయకుండా కుట్టేస్తే సగం మందికి పైగా సగం నొప్పి తగ్గింది. మా బావగారు ఆ 15 మందిలో ఒకరు కాదని ఎవరు చెప్పగలరు? స్పర్శ బిందువుల ఆపరేషన్ల గురించి వచ్చిన వ్యాసాల్లో ఎక్కువ భాగం, చేయించుకున్నవారిని కొన్నాళ్లకు పిలిచి ఎలా వుందని అడిగినవే. పోల్చడానికి రెండో జట్టు లేదు. పోలిక లేని అంకె ఎంత పెద్దదైనా రుజువు కాదు.

ముక్కుకూ నొప్పికీ ముడిపెట్టడం ఎంత దూరం పోగలదో చెప్పే ఒక పాత కథ వుంది. బెర్లిన్‌లో విల్హెల్మ్ ఫ్లీస్ అనే ముక్కు డాక్టరు వుండేవాడు, సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు ఆప్తమిత్రుడు. తలనొప్పి, కడుపునొప్పి, బహిష్టు నొప్పి అన్నిటికీ మూలం ముక్కులో వుందని అతని సిద్ధాంతం. ముక్కులో కొకైన్ పూసేవాడు, కాల్చేవాడు, కోసేవాడు. పూసినప్పుడు నొప్పి తగ్గింది కాబట్టి సిద్ధాంతం రుజువైందనేవాడు. 23, 28 అనే అంకెలతో మనుషుల జీవితాలను లెక్కకట్టేవాడు కూడా. 1895లో ఫ్రాయిడ్ తన రోగి ఎమ్మా ఎక్‌స్టైన్‌ను అతని చేత ఆపరేషన్ చేయించాడు. తరువాత ఆమెకు రక్తస్రావం ఆగలేదు. వేరే సర్జన్ చూస్తే ముక్కులో అర మీటరు పొడవు గాజుగుడ్డ మరచిపోయి వుంది. దాన్ని లాగగానే ఆమె ప్రాణం పోయేంత పనయింది. ముఖం వికారమైంది. ఫ్రాయిడ్ మాత్రం మిత్రుణ్ణి సమర్థిస్తూ, ఆమె రక్తస్రావం మానసికమని తరువాత ఉత్తరాల్లో రాశాడు. ఈనాటి ముక్కు సర్జన్లకూ ఫ్లీస్‌కూ పోలిక లేదు. కానీ "పూస్తే తగ్గింది, కాబట్టి కారణం అక్కడే" అనే తర్కం ఇంకా బతికే వుంది.

ఆ తర్కాన్ని సరిదిద్దే ప్రయత్నం జరగలేదని కాదు. అంతర్జాతీయ తలనొప్పి సంఘం 2004లో ప్రకటించిన వర్గీకరణలో స్పర్శ బిందువు తలనొప్పిని ప్రధాన జాబితాలో కాక అనుబంధంలో పెట్టింది, అంటే ఇంకా పరిశోధించాల్సినదిగా. షరతులు కూడా పెట్టింది. ఆ చోట మత్తుమందు పూస్తే 5 నిమిషాల్లో నొప్పి పోవాలి, అది కూడా ఉత్తుత్తి మందుతో పోల్చి చూడాలి. ఆ బిందువును తీసేశాక 7 రోజుల్లో నొప్పి పోయి, మళ్లీ రాకూడదు. 2018లో వచ్చిన మూడో వర్గీకరణలోనూ ముక్కు దూలం, టర్బినేట్ల వల్ల వచ్చే తలనొప్పి అనుబంధంలోనే వుంది.

"ఉత్తుత్తి మందుతో పోల్చి" అనే మాట చూశారా? డాక్టర్ అబ్రహాం కోవూర్ 1963లో లక్ష రూపాయల సవాలు విసిరినప్పుడు అడిగింది కూడా మోసానికీ, భ్రమకూ తావులేని పరిస్థితుల్లో చేసి చూపమనే. అలా పోల్చి చూడడం ఎందుకు అవసరమో చెప్పే అంకె కూడా వుంది. మైగ్రేన్ వున్నవారికి ముక్కులో లిడోకైన్ అనే మత్తుమందు చుక్కలు వేస్తే 55 శాతం మందికి నొప్పి సగానికి తగ్గిందని, ఉత్తుత్తి చుక్కలతో 21 శాతం మందికి తగ్గిందని 1996లో ఒక ప్రయోగం చూపింది. అంటే ముక్కులో మత్తుమందు పూస్తే నొప్పి తగ్గడం, ముక్కే కారణం అనడానికి పూర్తి రుజువు కాదు. మామూలు మైగ్రేన్ కూడా దానికి తగ్గవచ్చు.

ఇక నేను ఆపరేషన్లకు వ్యతిరేకిని కానన్నాను కదా. 2021లో కోవిడ్ రెండో ఉధృతి తరువాత ముకార్‌మైకోసిస్, జనం బ్లాక్ ఫంగస్ అన్నది, మన దేశాన్ని కుదిపేసింది. షుగరు అదుపులో లేనివారికి, స్టెరాయిడ్లు వాడినవారికి ఎక్కువగా సోకింది. ముఖం నొప్పి, తలనొప్పి, ముక్కు దిబ్బడ, కంటి వాపుతో వచ్చారు. హైదరాబాదు కోఠిలోని ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆస్పత్రిలో సర్జన్లు రాత్రింబవళ్లు ముక్కు, సైనస్‌లలో కుళ్లిన కణజాలాన్ని తీసేస్తూ, ఆంఫోటెరిసిన్ ఇస్తూ ప్రాణాలు నిలబెట్టారు. అప్పుడు ఎండోస్కోపు లేకపోతే ఎంతమంది పోయేవారో! అక్కడ జబ్బు వుంది, దానికి వేరే రుజువు వుంది, కోస్తేనే బతుకుతారు. అలాగే చీముతో సైనస్ నిండి కంటికో మెదడుకో పాకుతున్నా, కొయ్యగండలతో ముక్కు మూసుకుపోయి వాసన తెలియకపోయినా, వంకర వల్ల గాలి ఆడక ఇబ్బందిగా వున్నా ఆపరేషన్ గురించి ఆలోచించవలసిందే. జ్వరం, మెడ పట్టేయడం, కంటి వాపు, చూపు తగ్గడం, ఎన్నడూ లేనంత హఠాత్తు తలనొప్పి, ఇవి వుంటే వ్యాసాలు చదువుతూ కూర్చోకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

నేను ప్రశ్నిస్తున్నది వీటిలో ఏదీ లేకుండా, తలనొప్పి ఒక్కదాని కోసం చేసేదాన్ని. అది ఉత్తుత్తి చికిత్స అయినా పోయేదేముంది అనకండి. తాయెత్తుకు రక్తస్రావం జరగదు. ముక్కు ఆపరేషన్‌లో జరగవచ్చు. దూలానికి రంధ్రం పడవచ్చు. అరుదుగా మెదడు నీరు కారవచ్చు, కంటికి దెబ్బ తగలవచ్చు. టర్బినేట్లను ఎక్కువగా తీసేస్తే ముక్కు దారి విశాలంగా వున్నా గాలి ఆడనట్లు బాధపడేవారున్నారు. దానికి 1994లో ఖాళీ ముక్కు జబ్బు అని పేరు పెట్టారు. తీసేసినదాన్ని మళ్లీ అతికించలేం.

అన్నిటికన్నా పెద్ద నష్టం మరొకటి. మా సంఘంలో ఒక టీచరమ్మ వున్నారు. దేవుడికి దండం పెట్టని మనిషి. "సైనస్" కోసం ఆపరేషన్ చేయించుకున్నారు. నాలుగు నెలలు హాయిగా వుంది, మళ్లీ మొదలైంది. రెండో ఆపరేషన్ చేయాలన్నారు. ఈలోగా ఒక నరాల డాక్టరు ఆమె చేత నొప్పి వచ్చిన తేదీలు డైరీలో రాయించారు. బహిష్టుకు ముందు రోజులు, నిద్ర చెడిన రోజులు, వెలుతురు చూడలేకపోవడం, వాంతి వచ్చినట్లు వుండడం. మైగ్రేన్‌కు మందులు ఇచ్చారు. ఇప్పుడు నయం. ఈ కథను నేను రుజువుగా చెప్పడం లేదు. ఒక్కరి కథతో వాదిస్తే తాయెత్తు భక్తుడికీ నాకూ తేడా వుండదు. మైగ్రేన్‌కు వాడే ప్రొప్రనలాల్, టోపిరమేట్, నొప్పి వచ్చినప్పుడు వాడే సుమాట్రిప్టాన్ వంటివి ఉత్తుత్తి మందుతో పోల్చిన ప్రయోగాల్లో నెగ్గినవి. అది రుజువు. ఆ మందులు అందరికీ పని చేయవు, కొందరికి పడవు, అది వేరే సంగతి. ముక్కు వైపు చూస్తూ పోగొట్టుకున్న ఏళ్లలో ఆ మందులు ఒక్కసారైనా ప్రయత్నించకపోవడమే నాకు బాధ. ఆ ఏళ్లలో మెడికల్ షాపు బిళ్లలు నెలకు 10, 15 రోజులు మింగడం వల్ల ఆ బిళ్లలే తలనొప్పి తెచ్చిపెట్టే స్థితి కూడా రావచ్చు.

ఇది చదివి "చూశారా, ఇంగ్లీషు వైద్యం బూటకం" అని ముక్కులో పసరు పోసేవాడి దగ్గరకు వెళితే నా మాట అర్థం కానట్లే. కాబ్, మోస్లీ, జోన్స్ అందరూ ఆధునిక వైద్యులే. తమ వాళ్లు చేసే ఆపరేషన్లనే పరీక్షకు పెట్టి, నెగ్గనిదాన్ని నెగ్గలేదని అచ్చువేశారు. ఏ పసరు వైద్యుడు ఆ పని చేశాడు?

కాబట్టి ఆపరేషన్ అని చెప్పినప్పుడు డాక్టరు గారిని మర్యాదగానే కొన్ని ప్రశ్నలు అడగండి. ఇది మైగ్రేన్ కాదని ఎలా తేల్చారు? ఈ వంకర నొప్పి లేనివారిలో ఎంతమందికి వుంటుంది? నొప్పి వున్న పక్కే వంకర వుందా? మైగ్రేన్ మందులు సరైన మోతాదులో కొన్ని నెలలు వాడి చూశామా? ఆపరేషన్ తరువాత నొప్పి తగ్గకపోతే ఏమంటారు? మంచి డాక్టరుకు ఈ ప్రశ్నలు కోపం తెప్పించవు. కోపం వస్తే, అప్పుడు ఇంకో డాక్టరును కూడా కలవడం మంచిది.